చంద్రోదయంలోనే గ్రహణం: కనిపిస్తుందన్నారు, మరి నాకెందుకు కనపడలేదు?

మీ ప్రశ్నని కుదించి చెప్పుకుంటే ఇదీ. 2026 మార్చి 3, ఫాల్గుణ పౌర్ణమి నాడు హైదరాబాదులో సాయంత్రం 6:20కల్లా ఇంటిల్లిపాదీ మేడెక్కారు. చంద్రోదయం 6:23 ప్రాంతంలో అనీ, గ్రహణం కనిపిస్తుందనీ టీవీలో చెప్పారు. పావుగంటకి పైగా తూర్పు వైపే చూస్తూ నిలబడ్డా చంద్రుడి జాడ లేదు. 6:50 దాటాక ఎదురు అపార్ట్‌మెంట్ పక్కనుంచి నిండు చంద్రుడు బయటికొచ్చాడు, గ్రహణం పట్టిన గుర్తే లేదు. అటు న్యూజెర్సీలో ఉన్న మీ అన్నయ్య మాత్రం ఎర్రటి చంద్రుణ్ణి చూశారు, కానీ ఆయనకీ కాసేపటికే మాయమైపోయాడట. "టీవీ వాళ్లు చెప్పింది తప్పా, మేం చూసిన దిక్కు తప్పా?" అని అడిగారు.

రెండూ తప్పు కాదండీ. టీవీలో చెప్పిన "కనిపిస్తుంది" అనే మాట లెక్కకి సంబంధించింది. చంద్రుడి పై అంచు దిగంతం మీదికి వచ్చేటప్పటికి గ్రహణం ఇంకా విడవకపోతే ఆ ఊరిని జాబితాలో కలిపేస్తారు. మనిషి కంటికి ఆనడం వేరే లెక్క. గ్రస్తోదయ గ్రహణాల్లో, అంటే పట్టిన చంద్రుడే ఉదయించే గ్రహణాల్లో, ఈ రెండింటికీ మధ్య మన ప్రాంతంలో ఇరవై నిమిషాల దాకా తేడా ఉంటుంది. చంద్రోదయ సమయానికి ఆ ఇరవై నిమిషాలు కలుపుకుని, మోక్షానికి, అంటే గ్రహణం పూర్తిగా విడవడానికి, ఇంకా ఎంత మిగిలిందో చూడండి. మీరు నిజంగా చూడబోయే గ్రహణం అంతే.

మార్చి 3కి ఆ లెక్క వేసి చూద్దాం. మన టైము ప్రకారం స్పర్శ, అంటే నీడ పట్టడం మొదలు, మధ్యాహ్నం 3:20కి. 4:34 నుంచి 5:33 దాకా సంపూర్ణం. 6:48కి మోక్షం. అంటే అసలు సంబరమంతా చంద్రుడు మన కాళ్ల కింద, భూమికి అవతలి పక్క ఉన్నప్పుడే అయిపోయింది. హైదరాబాదులో చంద్రుడు దిగంతం దాటేసరికి మిగిలింది 25 నిమిషాలు. మన అక్షాంశాల్లో చంద్రుడు ఒక డిగ్రీ ఎక్కడానికి నాలుగు నిమిషాలకి కాస్త పైన పడుతుంది. కాబట్టి గ్రహణం పూర్తిగా విడిచే సమయానికి కూడా ఆయన 5 డిగ్రీల ఎత్తుకి అటూ ఇటూగానే ఉన్నాడు. చెయ్యి బారుగా చాచి మూడు వేళ్లు అడ్డంగా పెడితే ఎంతో అంతే ఎత్తు. ఇప్పుడు మీ ఎదురు అపార్ట్‌మెంట్ సంగతి చూడండి. పది అంతస్తుల బిల్డింగ్ సుమారు 30 మీటర్లు ఉంటుంది. అది 300 మీటర్ల దూరంలో ఉంటే మీ కంటి మట్టానికి దాదాపు 6 డిగ్రీలు మూసేస్తుంది. మేడ ఎత్తు మీకు కొంత కలిసొచ్చినా హైదరాబాద్ వాటాకి వచ్చిన గ్రహణంలో దాదాపు అంతా ఆ గోడ వెనకాలే జరిగిపోయింది.

బిల్డింగే లేదనుకోండి, మైదానంలో నిలబడ్డారనుకోండి. అప్పుడూ మొదటి పది నిమిషాలు ఏమీ కనపడేది కాదు. నడినెత్తిన ఉన్న చంద్రుడి వెలుగు దాటాల్సిన గాలిని ఒక వంతు అనుకుంటే, 10 డిగ్రీల ఎత్తు దగ్గర ఐదున్నర వంతులు, 5 డిగ్రీల దగ్గర పది వంతులు, సరిగ్గా దిగంతం మీద దాదాపు నలభై వంతులు దాటాలి. ఒక్కో వంతూ నాలుగోవంతు వెలుగు తినేస్తుందనుకుంటే 5 డిగ్రీల దగ్గర మనకి చేరేది ఇరవయ్యో వంతుకి అటూ ఇటూ. 2 డిగ్రీల దగ్గరైతే మూడు వందల్లో ఒక వంతు. ఇది కాస్త మంచి గాలికి వేసిన లెక్క. మార్చి నెలలో నగరం మీద ఉండే దుమ్ము, పొగ కలిపితే ఇంకా ఘోరం. మామూలు పౌర్ణమి నాడు కూడా హైదరాబాదులో చంద్రుడు పంచాంగంలో రాసిన నిమిషానికి కనపడడు, పదీ పదిహేను నిమిషాలు ఆలస్యంగా ఎర్రటి మచ్చలా తేలతాడు. రోజూ ఎవరూ గడియారం పట్టుకుని చూడరు కాబట్టి పట్టించుకోం.

దీనికి తోడు ఆకాశం ఇంకా తెల్లగానే ఉంటుంది. గ్రహణమంటేనే సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే గీత మీద ఉండడం. కాబట్టి గ్రస్తోదయం ఎప్పుడూ సూర్యాస్తమయంతోనే పడుతుంది, ఐదారు నిమిషాల తేడాతో. చీకటి పడ్డాక ఉదయించే గ్రస్త చంద్రుడంటూ ఉండడు. ఆ వెలుగులో నీడ పడ్డ భాగం నల్లగా కనిపిస్తుందని చాలామంది ఎదురుచూస్తారు. నల్లగా ఉండదు. చంద్రుడికీ మనకీ మధ్య ఉన్న గాలి తానే వెలుగుతోంది కదా, దాని వెనకాల ఉన్న చీకటి భాగానికి కూడా ఆకాశం రంగే వస్తుంది. బూడిద కలిసిన నీలం ఆకాశంలో చంద్రుడు ఒక పక్క కొరికేసిన ముక్కలా తేలతాడు, కొరికిన చోట ఆకాశమే ఉన్నట్టుంటుంది. మసక ఎరుపు, రాగి రంగు అన్నీ ఆకాశం చీకటి పడ్డాకే.

ఇక్కడ పెద్దగా ఎవరూ చెప్పని ఒక సంగతి ఉంది. గ్రస్తోదయాలన్నీ ఒక రకం కావు. పట్టుతూ ఉదయించేది ఒకటి, విడుస్తూ ఉదయించేది ఇంకొకటి. ఆకాశంలో చంద్రుడు పడమటి నుంచి తూర్పుకి జరుగుతూ భూఛాయలోకి వెళ్తాడు, అటునుంచే బయటికొస్తాడు. అంటే ముందు పట్టేదీ, ముందు విడిచేదీ తూర్పు అంచే. ఉదయిస్తున్న చంద్రుడికి తూర్పు అంచంటే కింది అంచు. కాబట్టి పట్టుతున్న గ్రహణంలో కింది భాగం చీకటి, పైభాగం వెలుగు. ఆ వెలుగు ముక్క ముందుగా మసక దాటి పైకి వస్తుంది, చంద్రుణ్ణి పట్టుకోవడం తేలిక. విడుస్తున్న గ్రహణంలో దీనికి తలకిందులు. వెలుగు కింద, దుమ్ములో ఉంటుంది. కాస్త శుభ్రమైన గాలిలోకి వచ్చిన పైభాగమేమో నీడలో ఉంటుంది. మార్చి 3ది ఈ రెండో రకం. చంద్రుడు ఛాయ మధ్య గీతకి దక్షిణంగా పోయాడు కనక చివరి నీడ పైన, కాస్త ఎడమకి ఉండాలి. హైదరాబాదులో ఉదయించేటప్పటికి బింబంలో మూడోవంతు దాకా నీడ ఉన్నా, 3 డిగ్రీలు ఎక్కేసరికి, అంటే 6:37 ప్రాంతానికి, మిగిలింది పైన ఒక చిన్న నొక్కు. అంత దిగువన, దుమ్ములో, మామూలు కంటికి ఆ నొక్కు దొరకడం కష్టమే. బైనాక్యులర్స్ ఉంటే దొరికేది.

మొదటి రకానికి మంచి ఉదాహరణ 2018 జనవరి 31, మాఘ పౌర్ణమి. ఆ రోజు స్పర్శ 5:18కి, సంపూర్ణం 6:22 నుంచి 7:38 దాకా. నేను విశాఖపట్నంలో ఆర్కే బీచ్‌లో ఉన్నాను. అక్కడ చంద్రోదయం 5:50కి ఒకటి రెండు నిమిషాల ముందు. నీటి గీత మీద మంచులాంటి బూడిద రంగు పొర ఉంది, దాంట్లోంచి చంద్రుడి పై సగం మాత్రమే బయటికొచ్చింది, లేత నారింజ రంగులో. కింది సగం సముద్రంలోనే ఉండిపోయిందేమో అన్నట్టుంది గానీ, కాసేపటికి ఆ ముక్క నీళ్లకి పైన గాల్లోకి లేచింది, కింద ఏమీ లేదు. చంద్రుడు ఎక్కుతున్న కొద్దీ ముక్క సన్నబడింది. 6:20 దగ్గర గీతంత మిగిలి, అదీ పోయింది. పక్కన పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డాయన "మబ్బొచ్చేసింది, పదండి" అని బయల్దేరాడు. మబ్బేమీ లేదు. బైనాక్యులర్స్‌లో ఇటిక పొడి రంగులో గుండ్రంగా ఉన్నాడు, వట్టి కంటికి మాత్రం నీలంలో కలిసిపోయాడు. చీకటి చిక్కబడ్డాక అదే చోట రాగి రంగులో తేలాడు. మామూలు పౌర్ణమి వెన్నెల్లో ఎప్పుడూ కనపడని పుష్యమి నక్షత్రాల గుంపు కూడా ఆయన పక్కనే బైనాక్యులర్స్‌లో దొరికింది.

ఆ రోజు హైదరాబాదులో చంద్రుడు ఉదయించేసరికే ముప్పావు వంతు పైగా పట్టేసింది. 3 డిగ్రీలు ఎక్కేలోపు సంపూర్ణం. అంటే చూడ్డానికి వెలుగు ముక్కే లేదు. 6:10కి మేడెక్కి 6:30కి దిగిపోయిన వాళ్లకి ఏమీ కనపడలేదు, 7 గంటలకి ఎక్కిన వాళ్లకి మొత్తం కనపడింది. అందుకే సంపూర్ణంతో ఉదయించే రోజున ఓపిక పట్టమనీ, మోక్షంతో ఉదయించే రోజున ముందే సిద్ధంగా ఉండమనీ చెబుతుంటాను.

ఊరు కూడా తేడా చేస్తుంది. తూర్పుకి ఒక్కో డిగ్రీ రేఖాంశం జరిగితే చంద్రోదయం నాలుగు నిమిషాలు ముందుకొస్తుంది, గ్రహణం గడియారం మాత్రం అందరికీ ఒకటే. హైదరాబాద్, విశాఖల మధ్య దాదాపు 5 డిగ్రీలు, అంటే 19 నిమిషాలు. మార్చి 3న మీకు దక్కింది 25 నిమిషాలైతే విశాఖకి 44, విజయవాడకి 33 ప్రాంతం. విశాఖలో ఉదయించేటప్పటికి బింబంలో సగానికి పైనే నీడ. ముంబైకి రెండు మూడు నిమిషాలు కూడా కష్టం. 2022 నవంబర్ 8, కార్తిక పౌర్ణమి గ్రహణం కూడా ఇలా విడుస్తూ ఉదయించినదే. సంపూర్ణం 5:12కి అయిపోయింది, మోక్షం 6:19. అప్పట్లో ప్రభుత్వ ప్రకటనలో చెన్నైకి 40 నిమిషాలు, బెంగళూరుకి 29, ముంబైకి 18 అని ఇచ్చారు. కోల్‌కతా, గువాహటి వాళ్లకైతే సంపూర్ణ దశలోనే చంద్రోదయం. ఈ ప్రకటనలకి లెక్కలు కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ వేస్తుంది, నమ్మదగినవి. టీవీ స్క్రోలింగ్ కాకుండా ఆ పట్టికలో మీ ఊరి వరసలో ఉండే నిమిషాల సంఖ్య చూసుకోండి. అందులోంచి ఇరవై తీసేయండి. మిగిలింది పది కంటే తక్కువైతే నేను ఊళ్లో ఉండను, ఏ తీరానికో వెళ్తాను, లేదంటే ఆ గ్రహణాన్ని వదిలేస్తాను.

మీ అన్నయ్య చూసింది మీ దృశ్యానికే అద్దంలో ప్రతిబింబం. న్యూజెర్సీలో అది మార్చి 3 తెల్లవారుజాము. వాళ్ల టైములో సంపూర్ణం 6:04కి మొదలైంది, 6:30 లోపే అక్కడ సూర్యోదయం, చంద్రాస్తమయం. గ్రస్తాస్తమయం, అంటే పట్టిన చంద్రుడే అస్తమించడం అన్నమాట. స్పర్శ 4:50కి కాబట్టి పట్టడమంతా చీకట్లోనే, మంచి ఎత్తులోనే చూసి ఉంటారు. సంపూర్ణం అయ్యేసరికి తూర్పు తెల్లబడింది, చంద్రుడు పడమట కిందికి జారాడు. కాబట్టి ఆయనకి మాయమైంది దిగంతం మీద కాదు, దానికి రెండు మూడు డిగ్రీల పైనే. మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న మనవాళ్లకి మాత్రం రాత్రి 8:50 నుంచి అర్ధరాత్రి దాటే దాకా మొత్తం కళ్లముందే నడిచింది. అసూయపడాల్సింది వాళ్లని చూసి.

ఎరుపు గురించి ఒక హెచ్చరిక. మర్నాడు వాట్సాప్‌లో తిరిగిన "రక్త చంద్రుడు, మా ఊరి నుంచి" ఫొటోల్లో చాలావాటికి గ్రహణంతో సంబంధం ఉండదు. దిగంతం దగ్గర ఏ చంద్రుడైనా ఎర్రగానే ఉంటాడు. తేడా పట్టాలంటే బింబం మీద ఎరుపు ఎలా పరుచుకుందో చూడండి. గాలి వల్ల వచ్చిన ఎరుపు కింద చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా, అడ్డ పొరల్లా ఉంటుంది. బింబం కూడా నొక్కినట్టు అడ్డంగా కోలగా ఉంటుంది, నిలువు కొలతలో ఆరోవంతు దాకా తగ్గుతుంది. గ్రహణం నీడకైతే వంపు తిరిగిన అంచు ఉంటుంది, అది అడ్డంగా కాక ఏదో ఒక పక్కకి వాలి ఉంటుంది. మోక్షం అయ్యాక కూడా ఓ పావుగంట నీడ వదిలిన పక్క పొగ పట్టినట్టు కాస్త మసకగా ఉంటుంది, అది ఉపచ్ఛాయ, అంటే అసలు నీడ చుట్టూ ఉండే పలచటి నీడ. 6:50కి మీరు నిండు చంద్రుణ్ణి చూశానన్నారు కదా, అప్పుడు పైన ఎడమ అంచు మిగతా బింబమంత తెల్లగా ఉండి ఉండదు. అలా చూడమని ఎవరైనా చెప్పి ఉంటే కనీసం గ్రహణం తోక మీకు దొరికేది.

దిక్కు తెలుసుకోవడానికి దిక్సూచి అక్కర్లేదు. గ్రహణం రోజున చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. సూర్యుడు అస్తమిస్తున్నప్పుడు వీపు అటు పెట్టి నిలబడండి, బారుగా సాగిన మీ నీడ ఎటు చూపిస్తే చంద్రుడు అక్కడే లేస్తాడు. మార్చి మొదట్లో సూర్యుడు పడమరకి కాస్త దక్షిణంగా దిగుతాడు కాబట్టి చంద్రుడు తూర్పుకి ఆరేడు డిగ్రీలు ఉత్తరంగా వస్తాడు. జనవరి, నవంబర్ గ్రహణాల్లో ఆ జరుగుబాటు 18 డిగ్రీలకి చేరుతుంది, చాచిన చేతికి దాదాపు రెండు పిడికిళ్లు. దిక్కు సరిగ్గా తూర్పే అనుకుని కూర్చుంటే ఆ తేడాలో ఒక చెట్టో ట్యాంకో అడ్డమొచ్చిందని తెలియదు. అస్తమయం అవగానే తూర్పున దిగంతం మీద స్లేటు రంగు పట్టీ, దాని మీద గులాబీ రంగు పట్టీ లేస్తాయి. ఆ స్లేటు పట్టీ గాలి మీద పడ్డ భూమి నీడే, చంద్రుణ్ణి పట్టిన నీడకి ఇటు చివర. చంద్రుణ్ణి ఆ పట్టీలోనే వెతకాలి, దాని పైన కాదు.

చోటు విషయానికొస్తే, తూర్పున నీళ్లుండాలి లేదా మీరు ఎత్తులో ఉండాలి. విశాఖ, భీమిలి, కాకినాడ దగ్గర ఉప్పాడ, మచిలీపట్నం మంగినపూడి, నెల్లూరు మైపాడు అన్నీ పనికొస్తాయి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్‌కి పడమటి ఒడ్డు, అంటే నెక్లెస్ రోడ్డు వైపు నుంచి నీళ్ల మీదుగా తూర్పుకి చూడొచ్చు, అటు బిల్డింగులు ఉన్నా దూరం వల్ల తక్కువ మూస్తాయి. మౌలాలి గుట్ట లాంటి బండరాళ్ల గుట్టలు ఇంకా మేలు. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ ఊరు, తేదీ పెట్టి ముందే చూసుకుంటే ఏ నిమిషానికి ఎంత ఎత్తో, నీడ ఏ పక్కనో అన్నీ కనిపిస్తాయి. అందులో వాతావరణాన్ని ఆన్‌లో ఉంచండి. ఆఫ్ చేస్తే తెర మీద బ్రహ్మాండంగా ఉంటుంది, బయట ఉండదు.

టెలిస్కోపు కొనక్కర్లేదు. 7×50 గానీ 10×50 గానీ బైనాక్యులర్స్ చాలు, గోడకి ఆనించి పట్టుకోండి. దిగంతం దగ్గర ఎక్కువ మాగ్నిఫికేషన్ పెడితే అంచు సలసల మరుగుతున్నట్టు కదులుతుంది తప్ప వివరం రాదు. ఒక్క జాగ్రత్త: సూర్యుడు ఇంకా ఉండగా బైనాక్యులర్స్‌ని పడమటి వైపు తిప్పకండి. చంద్రగ్రహణాన్ని మామూలు కంటితో ఎంతసేపు చూసినా ఏ హానీ లేదు, కళ్లద్దాలూ ఫిల్టర్లూ అవసరం లేదు. ఫోన్లో తీసేవాళ్లు చంద్రుడి మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి వెలుగు తగ్గించుకోవాలి. నైట్ మోడ్ వెలుగు ముక్కని పెంచేసి నీడ నొక్కుని మింగేస్తుంది.

ఇంకో చిత్రం కూడా చెప్పాలి. సూర్యుడు, గ్రస్త చంద్రుడు రెండూ ఒకేసారి ఆకాశంలో ఉండడం లెక్క ప్రకారం జరగకూడదు, ఒకటి మునిగితేనే రెండోది లేవాలి. కానీ దిగంతం దగ్గర గాలి కాంతిని అర డిగ్రీకి పైగా వంచుతుంది, బింబం సైజు కంటే అది ఎక్కువ. కాబట్టి మునిగిపోయిన సూర్యుడు, ఇంకా లేవని చంద్రుడు కొద్ది నిమిషాలు ఎదురెదురుగా కనిపించొచ్చు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ కూడా దీన్ని వింతగా రాసుకున్నాడు. మన దుమ్ములో దీనికి ఆశ పెట్టుకోకండి, వాన వెలిసిన మర్నాడు తీరంలో తప్ప.

తర్వాత మనకి బాగా కనిపించే సంపూర్ణ గ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి. స్పర్శ 8:37 ప్రాంతంలో, సంపూర్ణం సుమారు 9:46 నుంచి 10:57 దాకా, మోక్షం కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది నిమిషాలకి. చంద్రుడు బాగా ఎత్తులో ఉంటాడు, పైన చెప్పిన ఏ తంటా దానికి అక్కర్లేదు, మీ మేడే చాలు, ఎదురు అపార్ట్‌మెంట్ ఎంతున్నా సరే. మళ్లీ ఇలా విడుస్తూ ఉదయించేది కావాలంటే 2033 అక్టోబర్ 8 ఉంది. సాయంత్రం 6 దాటిన కాసేపటికే మోక్షం కాబట్టి హైదరాబాదుకి దాదాపు దక్కదు. దానికి మాత్రం ముందురోజే విశాఖ రైలెక్కండి.